కామెడీ ముద్ర పడిన నటుడు వేరే పాత్రలు చేయగలడా? టెడ్ డాన్సన్‌ని దగ్గరగా గమనించిన అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగేళ్లుగా ఒక కామెడీ సిరీస్‌లో ఒకే పాత్ర చేస్తున్నారు. బయట జనం మిమ్మల్ని ఆ పాత్ర పేరుతోనే పిలుస్తున్నారు. సీరియస్ పాత్రకి ఆడిషన్‌కి వెళ్తే మీరు నోరు తెరవకముందే ఎదుటివాళ్ల మొహంలో నవ్వు కనిపిస్తోంది. ఈమధ్య అమెరికన్ కామెడీ సిరీస్ ‘ద గుడ్ ప్లేస్’ చూశారు. అందులో తెల్లజుట్టుతో కనిపించే టెడ్ డాన్సన్ ఒకప్పుడు పదకొండేళ్ల పాటు ఒకే బార్ ఓనర్ పాత్ర చేశాడని తెలిసింది. ఆయన ఆ ముద్ర ఎలా వదిలించుకున్నాడు, అందులో మనం నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా, ముందు ఏవి చూడాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆయన ఆ ముద్రని వదిలించుకోలేదు. వెంట పెట్టుకునే తిరిగాడు. పైకి కనిపించే మనిషిని పెద్దగా మార్చలేదు, ఆ మనిషి లోపల దాచుకున్న విషయాన్ని మార్చాడు. అదే పొడుగాటి శరీరం, అదే తేలికపాటి నడక, ఎవరినైనా ఇట్టే మచ్చిక చేసుకునే అదే నవ్వు. ఆ నవ్వు వెనక ఒకచోట తాగుడు ఉంటుంది, ఒకచోట చేసిన తప్పు, ఒకచోట పచ్చి అబద్ధం, ఇంకోచోట భార్య పోయిన దుఃఖం. ఆయన నలభై ఏళ్ల పనిలో నాకు కనిపించిన అసలు సంగతి ఇదే.

నేను ఇరవై ఏళ్లకు పైగా నాటక పరిషత్తుల్లో వేషాలు వేశాను. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో నటన నేర్పుతున్నాను. డాన్సన్ సీన్లు క్లాసులో వేసి, ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి చూపిస్తుంటాను. కాబట్టి ఇది కొంచెం పెద్ద సమాధానమే అవుతుంది.

ఆ బార్ ఓనర్ పాత్ర ఉన్న కామెడీ సిరీస్ ‘చీర్స్’తోనే మొదలుపెట్టాలి. 1982 సెప్టెంబర్ 30న ఎన్‌బీసీ చానల్లో వచ్చింది. బోస్టన్‌లో ఒక బార్, దాని ఓనర్ శామ్ మలోన్. ఒకప్పుడు రెడ్ సాక్స్ జట్టులో బేస్‌బాల్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. తాగుడు వల్ల ఆట పోయింది. తాగుడు మానేసి, మందు అమ్మే చోటునే బతుకుతెరువు చేసుకున్నాడు. ముందు ఈ పాత్రని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడిగా అనుకున్నారట. డాన్సన్ ఒంటితీరు చూశాక బేస్‌బాల్‌కి మార్చారు. పాత్ర ఖాయమయ్యాక ఆయన బార్‌టెండర్లకి పని నేర్పే స్కూల్‌కి వెళ్లి గ్లాసు పట్టడం, పోయడం, తుడవడం నేర్చుకున్నాడు. మా దగ్గరికి వచ్చే పిల్లలకి ఇది ప్రత్యేకంగా చెప్తాను. పంచ్ డైలాగ్ చెప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నూటికి తొంభై మంది ఇబ్బంది పడతారు. శామ్ మలోన్ చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటాయి. పని ఆగిందంటే మనసులో ఏదో జరిగిందని ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది.

మొదటి సీజన్‌లో రేటింగులు అట్టడుగున ఉన్నాయి. చానల్ వాళ్లు ఓపిక పట్టారు. 1993 మే 20న చివరి ఎపిసోడ్ వచ్చేసరికి అమెరికాలో ఎనిమిది కోట్ల మంది చూశారు. ఆయన ఏటా అమెరికన్ టీవీ అవార్డు అయిన ఎమ్మీకి ఉత్తమ నటుడిగా నామినేట్ అవుతూ, ఏడుసార్లు రాక, ఎనిమిదోసారి 1990లో గెలిచాడు. 1993లో మళ్లీ గెలిచాడు.

ఇక ఆ మొదటి సీజన్‌లోని ఒక ఎపిసోడ్ గురించి చెప్పాలి. శామ్ దగ్గర ఒక సీసా మూత ఉంటుంది. తన అదృష్టం అని చెప్పి, ఆట బాగా సాగని ఒక ఆటగాడికి దాన్ని అరువిస్తాడు. వాడి ఆట బాగుపడుతుంది, వీడికి మాత్రం అన్నీ ఎదురు తిరుగుతాయి. పైగా ఆ మూత కాస్తా పోతుంది. చివర్లో బార్‌లో పనిచేసే డయాన్‌కి చెప్తాడు: అది తను తాగిన ఆఖరి బీరు సీసా మూత అని. తాగాలనిపించినప్పుడల్లా దాన్ని చూసుకుంటానని. తర్వాత ఒక మగ్గులో బీరు పోసి ముందు పెట్టుకుంటాడు. తాగుతాడా లేదా? ఆ క్షణంలో ఆయన మొహంలో ఏ కష్టమూ ‘చూపించడు’. కనుబొమలు ముడవడు, ఊపిరి బరువుగా తీయడు. కాసేపు ఆ గ్లాసుని చూస్తాడు. తర్వాత దాన్ని కౌంటర్ మీద జోరుగా తోసేస్తాడు. అది బార్ మలుపు కూడా తిరిగి అవతలి చివరికి వెళ్లి ఆగుతుంది. జనం చప్పట్లు. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల ముందు తీసిన కామెడీ అది. ముందు నిశ్శబ్దం, తర్వాత చప్పట్లు, రెండూ నిజమైనవే.

క్లాసులో ఈ సీన్ వేశాక అడుగుతాను: ‘ఇది కామెడీ నటనా, సీరియస్ నటనా?’ ఎవరూ జవాబు చెప్పలేరు. మీరు కూడా ముందు ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఎందుకంటే మీరు ‘కామెడీ నుంచి సీరియస్‌కి వెళ్లాలి’ అని రాశారు. ఆ రెండూ రెండు ఊళ్లు అనుకున్నంతకాలం మధ్యలో దారి కనపడదు.

మీ ప్రశ్నలో ఒక విషయం సరిదిద్దాలి. డాన్సన్ ‘చీర్స్’ అయిపోయాక సీరియస్ పాత్రలకి మారాడని రాశారు. కాదు. అంతకుముందే 1979లో ‘ద ఆనియన్ ఫీల్డ్’ సినిమాలో హత్యకు గురయ్యే పోలీసుగా చేశాడు. 1981లో ‘బాడీ హీట్’లో ప్రాసిక్యూటర్‌గా చేశాడు. నేర కథలో ఉన్నట్టుండి డాన్స్ స్టెప్పులు వేసే లాయర్ అతను. అవి చూస్తే అతను సరదా మనిషి అనుకుంటాం, కానీ స్నేహితుడి తప్పు పసిగట్టేది అతనే.

అన్నిటికంటే పెద్ద సాహసం 1984 జనవరిలో జరిగింది. ‘చీర్స్’ అప్పటికి రెండో సీజన్‌లోనే ఉంది. ఏబీసీ చానల్లో ‘సమ్‌థింగ్ అబౌట్ అమీలియా’ అనే టీవీ సినిమా వచ్చింది. సొంత కూతురిని లైంగికంగా వేధించిన తండ్రి పాత్ర. అమెరికన్ టీవీలో అప్పటికి ఎవరూ నోరెత్తి మాట్లాడని విషయం. దేశమంతా ఇష్టపడటం మొదలుపెట్టిన నవ్వుమొహం నటుడు ఆ పాత్ర ఒప్పుకున్నాడు. దానికి గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది. ఆయన ఆ తండ్రిని రాక్షసుడిలా చేయలేదు. ఇరుగుపొరుగు అందరూ మంచివాడనుకునే మామూలు మనిషిలా చేశాడు. చూసేవాళ్లకి భయం కలిగించింది ఆ మామూలుతనమే. ఆ ఇష్టమైన మొహమే ఆ పాత్రకి బలం అయింది.

అంటే ముద్ర గట్టిపడే వరకు ఆగకూడదు. ఇది మీకు నేను చెప్పే రెండో మాట. నాలుగేళ్లు అయింది కాబట్టి మీకు ఆలస్యమైందని కాదు. కానీ ‘ఈ సిరీస్ పూర్తయ్యాక చూద్దాం’ అనుకోకండి. సిరీస్ నడుస్తుండగానే, పక్కన ఒక చిన్న సినిమాలో రెండు సీన్లయినా, ఒక నాటికలో వేషమైనా, వేరే రకంది చేయండి.

నా సంగతి చెప్తాను. పరిషత్తుల్లో నాకు తాగుబోతు వేషం బాగా పేరు తెచ్చింది. ఆరేడేళ్లు ఎక్కడికి వెళ్లినా అదే వేషం. ఒకసారి కూతురి పెళ్లి కుదరక నలిగిపోయే తండ్రి పాత్ర దొరికింది. తెర లేచి నేను రంగం మీదికి అడుగు పెట్టగానే హాలంతా నవ్వింది. ఇంకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొదటి రోజు ఆ నవ్వుతో పోట్లాడాను. గొంతు పెంచాను, మొహం బిగించాను. నవ్వు ఇంకా పెరిగింది. నాటిక పాడైంది. ఆ రాత్రి మా దర్శకుడు కూర్చోబెట్టి చెప్పారు: ‘వాళ్లు నిన్ను ఇష్టపడి నవ్వుతున్నారు, ఆ ఇష్టాన్ని తోసేయకు.’ రెండో ప్రదర్శనలో నవ్వనిచ్చాను. నేనూ చిన్నగా నవ్వాను, చుట్టాలు వచ్చినప్పుడు ఇంటిపెద్ద నవ్వినట్టు. నవ్వుతూనే కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నాక నవ్వు ఆపలేదు, అదే దానంతట అది తగ్గింది. హాలు కూడా తగ్గింది. పది నిమిషాల తర్వాత నేను మళ్లీ అదే నవ్వు నవ్వితే ఒక్కరూ నవ్వలేదు. డాన్సన్ పని నాకు అంత దగ్గరగా అనిపించడానికి కారణం ఆ రాత్రే.

‘చీర్స్’ తర్వాత ఆయనకి అన్నీ కలిసిరాలేదు. 1993లోనే ఒక క్లబ్ వేడుకలో మొహానికి నల్లరంగు పూసుకుని నల్లజాతి వాళ్లని అనుకరించాడు. తీవ్రమైన విమర్శలు వచ్చాయి. రావాల్సినవే. 1996లో భార్య మేరీ స్టీన్‌బర్గెన్‌తో కలిసి చేసిన ‘ఇంక్’ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2006లో ‘హెల్ప్ మీ హెల్ప్ యూ’ మధ్యలోనే ఆగింది. నడుమ 1998 నుంచి 2004 వరకు ‘బెకర్’లో డాక్టర్‌గా చేశాడు. బ్రాంక్స్‌లో క్లినిక్ నడిపే చిరాకు మనిషి, అందరి మీదా విసుక్కుంటాడు, రాత్రి ఎవరికీ చెప్పకుండా పేషెంట్‌కి సాయం చేస్తాడు. 129 ఎపిసోడ్లు నడిచింది. చూడండి, ఇక్కడ సూత్రం తిరగబడింది. శామ్ పైకి నవ్వుతూ లోపల నొప్పి దాచుకున్నాడు, బెకర్ పైకి విసుక్కుంటూ లోపల మంచితనం దాచుకున్నాడు.

నా లెక్కలో ఆయన జీవితంలో అసలు మలుపు 2007. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. ‘డ్యామేజెస్’ అనే లీగల్ థ్రిల్లర్‌లో ఆర్థర్ ఫ్రోబిషర్ అనే కోటీశ్వరుడిగా వచ్చాడు. తన షేర్లు ముందే అమ్ముకుని, కంపెనీ కూలిపోతే ఉద్యోగుల పొదుపులు పోగొట్టిన మనిషి. ఎదుటి లాయర్ గ్లెన్ క్లోజ్. 1984 టీవీ సినిమాలో ఆయనకి భార్యగా చేసింది ఆవిడే. ఫ్రోబిషర్‌లో విలనీ కోసం వెతికితే దొరకదు. అతనికి కావాల్సిందల్లా జనం తనని మంచివాడు అనుకోవడం. ఆ ఆరాటంలోంచే అతని దుర్మార్గం అంతా పుడుతుంది. శామ్ మలోన్ కూడా అందరూ తనని ఇష్టపడాలని కోరుకున్నవాడే. అదే ఆకలి, చేతిలో డబ్బు, అధికారం ఉన్న మనిషికి ఉంటే ఏమవుతుందో చూపించాడు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. అందులో ఆయన హీరో కాదు. ఇరవై ఏళ్లు టైటిల్స్‌లో మొదటి పేరుగా ఉన్నవాడు, గ్లెన్ క్లోజ్ కథలో సహాయ పాత్రకి ఒప్పుకున్నాడు. అప్పటికే ‘కర్బ్ యువర్ ఎంథూజియాజమ్’ అనే కామెడీ సిరీస్‌లో టెడ్ డాన్సన్‌గానే అప్పుడప్పుడూ వచ్చి, ఆ సిరీస్ హీరో లారీ డేవిడ్‌కి చిరాకు తెప్పించే మర్యాదస్తుడిగా కనిపిస్తున్నాడు. అందులో డైలాగులు రాసి ఇవ్వరు. సీన్‌లో ఏం జరగాలో చెప్తారు, మాటలు నటులే అక్కడికక్కడ పుట్టించాలి. పెద్ద స్టార్ వయసులో మళ్లీ విద్యార్థిలా వినడం మొదలుపెట్టినట్టు నాకు అనిపిస్తుంది. తర్వాత ఆయన పనిలో వినడం ఎక్కువైంది, చెప్పడం తగ్గింది.

అమెరికన్ టీవీ పద్ధతి మారడం కూడా ఆయనకి కలిసొచ్చింది, ఇది మరచిపోకూడదు. పాత నెట్‌వర్క్ చానళ్లలో సిట్‌కామ్ (కామెడీ సిరీస్) అంటే ఏడాదికి ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు ఎపిసోడ్లు. వేరే పనికి ఖాళీ దొరకదు. కేబుల్ చానళ్లు పది, పదమూడు ఎపిసోడ్ల సీజన్లు మొదలుపెట్టాక ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల పాత్రలు వేయడానికి వీలైంది. ఆయన 2009 నుంచి ‘బోర్డ్ టు డెత్’లో గంజాయి తాగే పత్రిక ఎడిటర్‌గా నవ్వించాడు, అదే కాలంలో ‘డ్యామేజెస్’లోనూ ఉన్నాడు. 2011లో నేర పరిశోధన సిరీస్ ‘సీఎస్ఐ’ పన్నెండో సీజన్‌లో కొత్త బాస్‌గా చేరాడు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, పద్ధతిగా చేసిన పని.

2015లో వచ్చిన నేర కథల సిరీస్ ‘ఫార్గో’ రెండో సీజన్ మాత్రం తప్పకుండా చూడండి. మిన్నెసోటాలో ఒక చిన్న ఊరి షెరిఫ్ (పోలీసు అధికారి) హ్యాంక్ లార్సన్ పాత్ర ఆయనది. తెల్లగడ్డం, నిదానమైన మాట. కూతురికి క్యాన్సర్. అతని గదిలో గోడలనిండా వింత గుర్తులు గీసి ఉంటాయి. చివర్లో కూతురికి చెప్తాడు, భార్య పోయాక కుంగిపోయి, మనుషుల మధ్య గొడవలన్నీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్లే అనిపించి, అందరికీ అర్థమయ్యే బొమ్మల భాష కనిపెట్టాలనుకున్నానని. ఎంత తేలికగా చెప్తాడంటే, పెరట్లో కూరగాయల మడి వేసుకున్నానని చెప్పినట్టు. ఏడవడు. చూసేవాళ్లం ఆగలేం.

జుట్టు సంగతి కూడా చెప్పాలి, మీరు గడ్డం పెంచి సీరియస్‌గా కనపడటానికి ప్రయత్నిస్తున్నానని రాశారు కాబట్టి. ‘చీర్స్’ కాలంలో డాన్సన్ పలచబడిన చోట విగ్గు పెట్టుకునేవాడు. చివరి సీజన్‌లో శామ్ తన విగ్గు తీసి, బార్‌లో పనిచేసే కార్లాకి చూపించే సీన్ ఉంది. అందగాడినని మురిసిపోయే పాత్ర, తన రహస్యాన్ని ఒకే ఒక్క స్నేహితురాలికి చూపిస్తుంది. తర్వాత కాలంలో జుట్టుని తెల్లగానే వదిలేశాడు. వేషం మార్చి ముద్ర చెరుపుకోలేదు, వయసు ఇచ్చిన వేషాన్ని వాడుకున్నాడు. గడ్డం వల్ల మీ పాత్ర మారదు. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, సీరియల్‌లో వాగుడుకాయ బావమరిదిగా పేరున్నవాడు, సరిగ్గా ఇలాగే గడ్డం పెంచి, గొంతు బొంగురు చేసుకుని ఆరు నెలలు ఆడిషన్లు ఇచ్చాడు. ఒక్కటీ రాలేదు. గడ్డం తీయించి, తన మామూలు వాగుడుతోనే, తమ్ముడి అప్పు దాచిపెడుతున్న అన్నగా సీన్ చేయించాను. వీడియో పంపిన వారంలో పిలుపొచ్చింది. రెండే సీన్లు. కానీ ఇప్పుడు అతనికి వస్తున్న పాత్రలన్నీ ఆ రెండు సీన్ల వల్ల వచ్చినవే.

‘ద గుడ్ ప్లేస్’ మీరు చూశారు కాబట్టి దాపరికం లేకుండా మాట్లాడొచ్చు. మొదటి సీజన్ అంతా డాన్సన్ చేసిన మైఖేల్ స్వర్గం లాంటి చోటుని కట్టిన, కొంచెం కంగారుపడే, మంచి మనసున్న ఆర్కిటెక్ట్. ఆ సీజన్ చివరి ఎపిసోడ్‌లో అది నరకమని, అక్కడికి చేరిన మనుషుల్ని అతనే హింసిస్తున్నాడని బయటపడుతుంది. ఈ మలుపు నటుల్లో మొదటినుంచీ తెలిసింది డాన్సన్‌కి, హీరోయిన్ క్రిస్టెన్ బెల్‌కి మాత్రమే. ఇప్పుడు మొదటి సీజన్ మళ్లీ చూడండి. ఎక్కడైనా కన్నుగీటాడా? ‘నేను అబద్ధమాడుతున్నాను, గమనించండి’ అన్న సైగ ఒక్కటైనా ఉందా? లేదు. కంగారు నిజమైన కంగారే. మొదటిసారి చూస్తే తన డిజైన్ పాడైపోతుందేమోనన్న కంగారు, రెండోసారి చూస్తే గుట్టు బయటపడుతుందేమోనన్న కంగారు. రెండిటికీ ఒకే మొహం సరిపోయింది. చివరికి బండారం బయటపడ్డాక ఒక నవ్వు నవ్వుతాడు. 1982 నుంచి అమెరికా ఇష్టపడిన ఆ నవ్వులోంచే నరకం బయటికొచ్చింది. ముద్ర లేని నటుడు ఆ నవ్వు నవ్వితే అంత దెబ్బ తగిలేది కాదు.

2024లో వచ్చిన ‘ఎ మ్యాన్ ఆన్ ద ఇన్‌సైడ్’లో రిటైరైన ప్రొఫెసర్. అల్జీమర్స్‌తో భార్య పోయింది. వృద్ధుల నివాసంలో రహస్యంగా గూఢచారిగా చేరతాడు. ఇక్కడ దాచేది రెండు: తన పని, తన దుఃఖం. 2025 జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్ వాళ్లు టీవీలో జీవితకాల కృషికి ఇచ్చే క్యారల్ బర్నెట్ అవార్డు ఇచ్చారు. అప్పటికి 77 ఏళ్లు. ఇంకా హీరోగానే పని చేస్తున్నాడు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. డాన్సన్‌కి పదకొండేళ్ల హిట్ షో ఇచ్చిన డబ్బు, పేరు ఉన్నాయి. రెండు షోలు పోయినా మూడోది ఇచ్చేవాళ్లు ఉన్నారు. మీకు నెల అద్దె టెన్షన్ ఉంటే, నడుస్తున్న సిరీస్ వదిలేయమని నేను చెప్పను. వదలొద్దు. ఇంకొకటి, ఆయనకి మంచి రచయితలు దొరికారు. పాత్ర లోపల దాచడానికి ఏమీ రాయకపోతే నటుడు ఎంత చేసినా గాలిలో చేసినట్టే ఉంటుంది. కథ విన్నప్పుడు ‘ఇతను ఏం దాస్తున్నాడు?’ అని రచయితని అడగండి. జవాబు లేకపోతే మీరే ఒకటి పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి.

ఇంట్లో చేయడానికి ఒక అభ్యాసం ఇస్తాను, నా క్లాసులో మొదటి నెల అంతా ఇదే. డైలాగ్ ఒకటే: ‘ఏం పర్లేదు, నేను చూసుకుంటాలే.’ ఫోన్ కెమెరా ముందు మూడుసార్లు చెప్పండి, మూడుసార్లూ మీ కామెడీ పాత్ర గొంతుతోనే, అదే నవ్వుతోనే. మొదటిసారి: ఎదుటివాళ్ల డబ్బు మీరు వాడేసుకున్నారు. రెండోసారి: మీ జేబులో నాన్నగారి హాస్పిటల్ రిపోర్ట్ ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడోసారి: ఎదుటి మనిషికి దక్కిన అవకాశం మీకు రావాల్సింది. మొహంతో ఏదీ చూపించడానికి ప్రయత్నించకండి. మర్నాడు చూసుకోండి. మూడూ ఒకేలా ఉంటే రహస్యం మీకే నిజం కాలేదన్నమాట, మళ్లీ చేయండి.

ఏది ముందు చూడాలన్నారు కదా. ‘చీర్స్’ మొదటి సీజన్‌లో సీసా మూత ఎపిసోడ్, తర్వాత ‘డ్యామేజెస్’ మొదటి సీజన్, తర్వాత ‘ఫార్గో’ రెండో సీజన్, ఆఖర్న ‘గుడ్ ప్లేస్’ మొదటి సీజన్ మళ్లీ. ప్రతిదాంట్లో ఒక్క సీన్ సౌండ్ తీసేసి చూడండి, చేతులు మాత్రమే గమనించండి. మీ మూడు వీడియోలు తయారయ్యాక ఇక్కడే కామెంట్‌లో లింక్ పెట్టండి, ఆదివారం తీరిగ్గా కూర్చుని చూసి ఒక్కోదాని గురించి విడిగా రాస్తాను.